మింగడం సరే, మింగాక లోపల ఏం జరుగుతుంది?

రెండోబెంచీ:
మా వాడు తొమ్మిదో తరగతి. నిన్న రాత్రి పుస్తకం పట్టుకొచ్చి "తెల్ల రక్త కణాలు క్రిములను మింగి చంపేస్తాయి" అన్న వాక్యం మీద వేలు పెట్టాడు. "నాన్నా, బతికున్నదాన్నే కదా మింగింది, లోపలికెళ్లాక కూడా బతికే ఉండొచ్చుగా?" అన్నాడు. "అరిగిపోతుందిరా" అన్నాను. "క్రిమిని అరిగించే యాసిడ్ ఆ కణాన్ని ఎందుకు అరిగించదు?" అన్నాడు. పడుకోమన్నాను.

నా బాధ ఏంటంటే, నేను చదువుకున్నప్పుడూ ఇదే వాక్యం, ఇదే బొమ్మ. ఒక అమీబా, రెండు మిథ్యాపాదాలు, మధ్యలో ఒక చుక్క. ఇన్నేళ్లలో దానికి ఇంకో వాక్యం కలవలేదా? తెలిసినవాళ్లు మామూలు మాటల్లో చెప్పండి. సైనికులు, కోట, యుద్ధం అని మాత్రం చెప్పొద్దు. అదంతా వాడికీ వచ్చు.

గోడమీదపిల్లి:
పడుకోమనడం కూడా జవాబే. మా ఇంట్లో సైన్స్ ప్రశ్నలన్నిటికీ అదొక్కటే జవాబు.

ల్యాబ్‌కోటు:
మీ వాడు సరిగ్గా పట్టుకోవాల్సిన చోటే పట్టుకున్నాడు. మింగడం ఒక పని, చంపడం ఇంకో పని. పుస్తకం రెండింటినీ ఒక్క ఊపులో "మింగి చంపేస్తాయి" అనేసి పేజీ తిప్పేస్తుంది.

ముందు మింగడం. కణం చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. క్రిమి వచ్చి తగిలిన చోట, ఆ పొర కింద ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులుగా అల్లుకుంటూ పొరను ముందుకు నెడుతుంది. మీ బొమ్మలోని మిథ్యాపాదాలు అవే. అవి క్రిమి ఒంటి మీదుగా పాకి, అవతలి వైపు కలుసుకుని అతుక్కుపోతాయి. క్రిమి ఒక సంచిలో పడిపోతుంది. ఆ సంచి పేరు ఫాగోజోమ్.

ఇప్పుడు ఇది చూడండి. కొద్దిగా గాలి ఊదిన బెలూన్‌ను వేలితో లోపలికి నొక్కండి. వేలు బెలూన్ మధ్యలో ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ లోపలి గాలికీ వేలికీ మధ్య రబ్బరు ఉంది. ఆ మూతి అక్కడే మూసుకుపోయి తెగిందనుకోండి, అదే ఫాగోజోమ్. క్రిమి కణం మధ్యలో ఉంది, కానీ కణంలో లేదు. ఇంకా గోడకు అవతలే ఉంది. యాసిడ్, ఎంజైములు అన్నీ ఆ సంచిలోకే వెళ్తాయి. మీ వాడి రెండో ప్రశ్నకు సగం జవాబు ఇదే. మిగతా సగం సాయంత్రం రాస్తాను, డ్యూటీకి టైమైంది.

అడ్డప్రశ్న:
క్రిమి చుట్టుపక్కల మన సొంత కణాలు కోట్లు ఉంటాయి. వాటిని ముట్టుకోకుండా దాన్నే ఎలా పట్టుకుంటుంది? కళ్లున్నాయా?

ఎర్రఇంకు:
కళ్లు లేవు, ముక్కు ఉంది. బాక్టీరియా తన ప్రొటీన్లన్నీ ఫార్మైల్ మెథియోనిన్ అనే ముక్కతో మొదలుపెడుతుంది. మన కణాలు తమ ప్రొటీన్లను అలా మొదలుపెట్టవు. బాక్టీరియా నుంచి రాలిపడే ఆ తునకలను న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్త కణం పసిగట్టి, అవి ఎటు చిక్కగా ఉంటే అటు పాకుతుంది. పాపం క్రిమికి తన వాసన దాచుకునే వీలు లేదు.

ఒక తిరకాసు కూడా ఉంది. మన కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా వారసులు. వాటికి ఆ పాత అలవాటు పోలేదు, ఇప్పటికీ ఫార్మైల్ తోనే మొదలుపెడతాయి. అందుకే క్రిమి లేకుండా ఉత్త దెబ్బ తగిలి కణాలు చితికినా, మైటోకాండ్రియా ముక్కలు బయటపడి న్యూట్రోఫిల్స్ పరుగెత్తుకొస్తాయి. బెణికిన చోట కూడా వాచేది ఊరికే కాదు.

అడ్డప్రశ్న:
దగ్గరికొచ్చాక? వాసన చూసి నోట్లో పెట్టేసుకోవడమేనా?

ఎర్రఇంకు:
కాదు, తడిమి చూస్తుంది. ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు), కాంప్లిమెంట్ అనే ఇంకో రకం రక్షణ ప్రొటీన్లు ముందే క్రిమి ఒంటికి అంటుకుని ఉంటాయి. వాటిని పట్టుకునే కొక్కేలు న్యూట్రోఫిల్ పొర మీదా, మాక్రోఫేజ్ అనే ఇంకో మింగుడు కణం పొర మీదా ఉంటాయి. మన సొంత కణాల మీదేమో సీడీ47 అనే ప్రొటీన్ "నన్ను తినకు" అని బోర్డు పెట్టుకుని ఉంటుంది. కొన్ని కేన్సర్ కణాలు ఈ బోర్డే పెద్దది చేసి పెట్టుకుని తప్పించుకుంటాయి.

మొదట ఒక చోట పట్టుకుంటే చాలు, మిగతాది గబుక్కున మింగేస్తుందని అనుకునేవాళ్లు. 1970లలో ఒక ప్రయోగం చేశారు. ఒక కణానికి ఒక పక్కన మాత్రమే ప్రతిరక్షకాలు ఉండేలా చేసి మాక్రోఫేజ్‌కు ఇచ్చారు. అది ఆ పక్క పట్టుకుని అలాగే ఆగిపోయింది, మింగలేదు. అంటే జిప్ వేసినట్టు అడుగడుగునా కొక్కెం తగులుకుంటూ పోతేనే పని పూర్తవుతుంది.

గోడమీదపిల్లి:
బోర్డు పెట్టుకుంటే తినరని ముందే చెప్పాల్సింది. నేను ఆఫీసులో మెడలో వేసుకు తిరిగేవాణ్ణి.

పాతపుస్తకం:
"లోపల బతికే ఉండొచ్చుగా" అన్న మాట మీ అబ్బాయి కొత్తగా అన్నది కాదు. ఈ విషయం కనిపెట్టిన మనిషిని అందరూ అడిగింది కూడా అదే.

ఇలియా మెచ్నికోవ్ జంతుశాస్త్రవేత్త, డాక్టరు కాదు. 1882లో సిసిలీలోని మెస్సినాలో ఉన్నప్పుడు నక్షత్ర చేపల లార్వాలతో పనిచేస్తున్నాడు. అవి గాజులా పారదర్శకంగా ఉంటాయి, లోపల కణాలు తిరగడం సూక్ష్మదర్శినిలో నేరుగా కనిపిస్తుంది. ఒక రోజు ఇంట్లోవాళ్లు బయటికెళ్లారు. తోటలో గులాబీ ముళ్లు కోసుకొచ్చి లార్వా చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదట. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ తిరుగాడే కణాలు గుమిగూడి ఉన్నాయి. గ్రీకులో ఫాగీన్ అంటే తినడం, దాన్నుంచే ఫాగోసైట్.

అప్పటికే తెల్ల కణాల్లో బాక్టీరియా ఉండడం చాలామంది డాక్టర్లు చూశారు. కానీ వాళ్లు దాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. క్రిములే కణాల్లో దూరి, వాటిని బండిలా వాడుకుని ఒళ్లంతా తిరుగుతున్నాయని అనుకున్నారు. మింగినంత మాత్రాన చచ్చినట్టు రుజువేంటని వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అందుకని మెచ్నికోవ్ డాఫ్నియా అనే నీటి ఈగను తీసుకున్నాడు. అదీ పారదర్శకమే. సూదుల్లాంటి ఈస్ట్ బీజాలు దాని పేగు గోడ గుచ్చుకుని లోపలికొస్తాయి. కణాలు వాటిని చుట్టుముట్టి ముక్కలు చేస్తే డాఫ్నియా బతికింది, బీజాలు ముందుగా మొలకెత్తితే డాఫ్నియా చచ్చింది. ఇది 1884లో అచ్చయింది.

అడ్డప్రశ్న:
సరే, మరి ప్రతిరక్షకాలు ఎక్కడ నుంచి వచ్చాయి? నేను చదివినంతలో రక్షణ అంతా వాటిదే. ఈ మింగుడు వ్యవహారం చెత్త ఊడ్చే పనిలా రాస్తారు.

పాతపుస్తకం:
ఆ గొడవ పాతికేళ్లు నడిచింది. మెచ్నికోవ్ పారిస్‌లోని పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని "కణాలే" అంటే, జర్మనీ వాళ్లు "రక్తంలోని రసాలే" అన్నారు. 1903లో లండన్‌లో ఆల్మ్‌రోత్ రైట్, స్టువర్ట్ డగ్లస్ ఇద్దరూ కలిసి, సీరమ్‌లోని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) పదార్థాలు క్రిమికి అంటుకుంటే కణాలు దాన్ని ఎక్కువగా మింగుతాయని చూపించారు. వాటికి ఆప్సోనిన్ అని పేరు పెట్టారు, అంటే భోజనానికి సిద్ధం చేసేది. ఒకరు వడ్డిస్తే ఇంకొకరు తింటున్నారన్నమాట. 1908 నోబెల్ బహుమతిని మెచ్నికోవ్‌కూ, రెండో పక్షంలోని పాల్ ఎర్లిక్‌కూ చెరిసగం ఇచ్చి ఆ కమిటీ కూడా గోడ మీదే కూర్చుంది.

గోడమీదపిల్లి:
గోడ మీద కూర్చోవడం తప్పేం కాదని మనవి.

ల్యాబ్‌కోటు:
మిగతా సగం. ఇక్కడ రెండు రకాల కణాల గురించి విడివిడిగా చెప్పాలి, పుస్తకాలు రెండింటినీ కలిపేస్తాయి.

మాక్రోఫేజ్ నిదానస్తురాలు. సంచి తయారయ్యాక దాని గోడ మీది పంపులు హైడ్రోజన్ అయాన్లను లోపలికి తోడుతూ ఉంటాయి. పీహెచ్ 7 పైనుంచి 5కో, ఇంకా కిందకో దిగుతుంది, అంటే సంచి లోపల యాసిడ్ అవుతుంది. ఈలోగా లైసోజోములు వచ్చి ఆ సంచితో కలిసిపోతాయి. లైసోజోమ్ అంటే 50కి పైగా ఎంజైములు నింపిన ఇంకో చిన్న సంచి, బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియాన్ ద దూవ్ 1955లో పేరు పెట్టాడు. కొవ్వుకు ఒకటి, చక్కెరలకు ఒకటి, ప్రొటీన్లకు ఒకటి, డీఎన్ఏకి ఒకటి. క్రిమిలో ఏం ఉన్నా కోసే కత్తెర అక్కడ ఉంటుంది.

బడిలో లైసోజోములను "ఆత్మహత్య సంచులు" అని చెప్పేవాళ్లు గుర్తుందా? ఆ పేరు విని నాకు భయం వేసేది, నా ఒంట్లో ఇన్ని ఎందుకున్నాయని. నిజానికి ఆ ఎంజైములు యాసిడ్‌లోనే బాగా పనిచేస్తాయి. సంచికి చిన్న చిల్లు పడి కొద్దిగా కారినా, కణం లోపలి రసంలో యాసిడ్ లేదు కాబట్టి చాలావరకు నీరసపడిపోతాయి. పైగా సంచి గోడకు లోపలి వైపు చక్కెర గొలుసులు దట్టంగా పరచి ఉంటాయి, గోడే అరిగిపోకుండా. మీ వాడికి ఈ మూడూ చెప్పండి: గోడ, గోడకు పూత, యాసిడ్ లేకపోతే పని చేయని కత్తెర.

న్యూట్రోఫిల్ తీరు వేరు, దానికి తొందర. మింగిన వెంటనే సంచి గోడ మీద ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ముక్కలు ఒకచోట చేరతాయి. ఆక్సిజన్‌ను పట్టి సూపర్‌ఆక్సైడ్ చేస్తుంది, అందులోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. తర్వాత మైలోపెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఆ పెరాక్సైడ్‌కు క్లోరైడ్ కలిపి హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేస్తుంది. బట్టల మరకలు పోగొట్టే బ్లీచ్‌లో పనిచేసేది ఇదే. ఒక్క మైక్రాన్ సంచిలో బ్లీచ్!

దీని వెనక ఒక పొరపాటు కథ ఉంది. తెల్ల కణాలు క్రిములను మింగేటప్పుడు ఆక్సిజన్ వాడకం ఒక్కసారిగా ఎగబాకుతుందని 1933లోనే చూశారు. మింగడానికి శక్తి కావాలి కదా, అందుకే ఆయాసం అనుకున్నారు. తర్వాత సైనైడ్‌తో మైటోకాండ్రియా శ్వాస ఆపేసినా ఆ ఎగబాకడం ఆగలేదు. అంటే ఆక్సిజన్ పోయేది శక్తికి కాదు, విషం తయారీకి.

సగంచదువు:
అబ్బ. ఆయాసం అనుకుంటే విషం వండుతోందన్నమాట.

మరి చీము? అదంతా చచ్చిన క్రిములేనా? పోయిన నెల నా వేలికి ముల్లు గుచ్చుకుని నాలుగు రోజులు చీము పట్టింది. పిండినప్పుడల్లా "శత్రువులు పోతున్నారు" అనుకుని సంతోషించాను.

నైట్‌డ్యూటీ:
పోయింది మీ వాళ్లే ఎక్కువ. చీములో చాలా భాగం చచ్చిన న్యూట్రోఫిల్స్, కరిగిన కండ. క్రిములు కూడా ఉంటాయనుకోండి. పిండకండి, పిండితే లోపలికి పాకుతుంది.

న్యూట్రోఫిల్ రక్తంలో బతికేది గంటల లెక్కలోనే, మహా అయితే ఒకటి రెండు రోజులు. అందుకే ఎముక మజ్జ రోజుకు దాదాపు 10 వేల కోట్లు కొత్తవి తయారుచేస్తూనే ఉండాలి. ఆ తయారీ ఆగితే ఎలా ఉంటుందో నేను కీమోథెరపీ వార్డులో రోజూ చూస్తాను. న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 కంటే తగ్గిన మనిషికి పుండు ఉన్నా చీము పట్టదు, ఎర్రబడదు, పెద్దగా వాచదు. చీము పట్టడానికి కూడా కణాలుండాలి కదా. జ్వరం ఒక్కటే గుర్తు. అందుకే అలాంటి వాళ్లకు జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగరు, గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలని చూస్తాం. "చీమేం లేదు కదా సిస్టర్, మామూలు జ్వరమే" అంటారు బంధువులు. ఆ మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

సగంచదువు:
ఇక పిండను. ఒట్టు.

కొత్తసభ్యుడు7:
పచ్చ చీము, పచ్చ చీమిడి వస్తే బాక్టీరియా ఉన్నట్టే, వెంటనే యాంటీబయాటిక్ వేసుకోవాలి. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను, మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

నైట్‌డ్యూటీ:
ఆ పచ్చ రంగు క్రిమిది కాదండీ. ల్యాబ్‌కోటు గారు పైన చెప్పిన మైలోపెరాక్సిడేజ్ ఎంజైమ్ రంగే ఆకుపచ్చ. న్యూట్రోఫిల్స్ ఎక్కువగా వచ్చి చేరితే అలా కనిపిస్తుంది. వైరస్ జలుబులోనూ వస్తాయి. మీ జలుబు మూడు రోజుల్లో తగ్గింది మాత్ర వల్లే అని ఎలా తెలుసు?

కొత్తసభ్యుడు7:
తగ్గింది కదా.

అడ్డప్రశ్న:
నేను మాత్ర వేసుకోను, నాకూ తగ్గుతుంది. నా మాత్ర ఏది?

కొత్తసభ్యుడు7:
సరే వదిలేయండి. తెల్ల కణాలు పెరగడానికి ఏదైనా వేసుకోవచ్చా? అవి ఎంత ఎక్కువుంటే అంత మంచిది కదా.

నైట్‌డ్యూటీ:
ల్యుకేమియా అనే రక్త కేన్సర్‌లో లక్షల్లో ఉంటాయి, ఆ మనిషికే ఇన్ఫెక్షన్లు ఎక్కువ. స్టెరాయిడ్ వేస్తే రక్తనాళాల గోడలకు అతుక్కున్న న్యూట్రోఫిల్స్ ఊడి ప్రవాహంలోకి వస్తాయి, రిపోర్టులో అంకె పెరుగుతుంది, రక్షణ మాత్రం తగ్గుతుంది. అంకె చూసి మురిసిపోయేదేం లేదు.

చెట్టునీడ:
ఈ చర్చలో రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రెండోబెంచీ గారి అబ్బాయి అడిగిన ప్రశ్న మా అక్క కొడుకు ఒంట్లోనే జరిగింది.

వాడికి ఏడాది నిండకముందే మెడ దగ్గర గడ్డ. కోసి శుభ్రం చేశారు. మూడు నెలలకు చంకలో. తర్వాత కాలేయంలో. ప్రతిసారీ రక్త పరీక్షలో తెల్ల కణాలు బోలెడున్నాయి, అన్నీ మామూలుగా ఉన్నాయి అనేవాళ్లు. ఒక చోట "ఇంట్లో శుభ్రత పాటించరా?" అని మా అక్కను ముఖం మీదే అన్నారు. అది ఇప్పటికీ మర్చిపోలేదు.

నాలుగో ఏట ఒక పెద్ద డాక్టరుగారు డీహెచ్ఆర్ అనే పరీక్ష చేయించారు. న్యూట్రోఫిల్స్‌లో ఒక రంగు పదార్థం వేసి వాటిని రెచ్చగొడతారు, లోపల పెరాక్సైడ్ తయారైతే అవి వెలుగుతాయి. మా వాడివి వెలగలేదు. క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్. పైన ల్యాబ్‌కోటు గారు చెప్పిన ఆ ఆక్సిడేజ్ ఎంజైమే పనిచేయదు. వాడి కణాలు పరుగెత్తుతాయి, పట్టుకుంటాయి, చక్కగా మింగుతాయి. చంపలేవు. ముఖ్యంగా స్టాఫ్ ఆరియస్ అనే బాక్టీరియా, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు లాంటివి కొన్ని లోపల కూర్చుంటాయి. చుట్టూ ఇంకా కణాలు చేరి గడ్డ కడుతుంది.

సంఖ్య లెక్కపెడితే తెలియని జబ్బు ఇది, పని చేస్తున్నాయో లేదో చూడాలి. ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది, ఎందుకంటే ఆ జన్యువు చాలామందిలో ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇప్పుడు రోజూ బాక్టీరియాకు కోట్రైమాక్సజోల్, బూజుకు ఇట్రాకొనజోల్ వాడుతున్నాడు. మజ్జ మార్పిడికి దాత కోసం చూస్తున్నారు. బడికి వెళ్తున్నాడు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఆడొద్దని చెప్తే వినడు, అదొక్కటే పేచీ.

రెండోబెంచీ:
చెట్టునీడ గారూ, ఏం చెప్పాలో తెలియలేదు. రాసినందుకు చాలా థాంక్స్ అండి. మా వాడికి ఇది చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ అబ్బాయికి దాత దొరికితే కణాలు వెలుగుతాయా?" అని అడిగాడు.

చెట్టునీడ:
వెలుగుతాయి. కొత్త మజ్జ నుంచి వచ్చేవి వెలుగుతాయి. ఆ పరీక్షే మళ్లీ చేసి చూస్తారు.

పాతపుస్తకం:
మనసులో వాతాపి కథ తిరుగుతోంది రెండు రోజులుగా. ఇల్వలుడు తమ్ముణ్ణి మేకను చేసి, వండి అతిథికి పెట్టేవాడు. తిన్నాక "వాతాపీ, రా" అంటే వాడు పొట్ట చీల్చుకుని బయటికొచ్చేవాడు. అగస్త్యుడు పొట్ట నిమురుకుని "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనేసరికి కథ ముగిసింది. మన చర్చంతా మింగడానికీ, "జీర్ణం" అనడానికీ మధ్య జరిగేదే.

ల్యాబ్‌కోటు:
భలే పట్టారు. నిజం వాతాపులు చాలానే ఉన్నాయి.

లిస్టీరియా అనే బాక్టీరియా అచ్చంగా వాతాపే. సంచిలో పడగానే లిస్టీరియోలైసిన్ అనే ప్రొటీన్‌తో గోడకు చిల్లు పెట్టి కణం రసంలోకి దూకుతుంది. అక్కడ ఇంకో ఘోరం చేస్తుంది. ఏ ఆక్టిన్‌తో కణం దాన్ని మింగిందో, అదే ఆక్టిన్‌ను తన వెనక తోకలా అల్లించుకుని, దాని తోపుతో పక్క కణంలోకి దూసుకుపోతుంది. బయటికి రాదు కాబట్టి ప్రతిరక్షకాలకు దొరకదు.

క్షయ క్రిమి అంత ఆర్భాటం చేయదు. సంచిలో బుద్ధిగా కూర్చుంటుంది, కానీ లైసోజోమ్ వచ్చి కలవకుండా అడ్డుపడుతుంది, సంచి పులవదు. ఈ సంగతి 1971లో బయటపడింది. ఏళ్ల తరబడి మాక్రోఫేజ్‌లోనే ఉండిపోగలదు. అగస్త్యుడి పొట్టలో అద్దెకు దిగినట్టు.

కాక్సియెల్లా అయితే ఇంకా విచిత్రం, దానికి ఆ యాసిడే కావాలి, అందులోనే పెరుగుతుంది. లెజియొనెల్లా చెరువుల్లో అమీబాల చేత మింగించుకుని బతకడం ముందే నేర్చుకుని ఉంటుంది, మన ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ దాని కంటికి ఇంకో అమీబా.

ఇవన్నీ లోపలికెళ్లి బతికేవి. న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ అసలు చేతికే చిక్కదు. చుట్టూ జారుడు చక్కెర తొడుగు ఉంటుంది, ప్రతిరక్షకాలు అంటుకుంటే తప్ప పట్టు దొరకదు.

ఒంటరికాకి:
ఈ తొడుగు సంగతి నాకు అనుభవమే. యాక్సిడెంట్‌లో ప్లీహం చితికితే తీసేశారు. డిశ్చార్జి ముందు న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ టీకాలు వేసి, జ్వరం వస్తే నిర్లక్ష్యం చేయొద్దని కాగితం మీద రాసిచ్చారు. కడుపులో దెబ్బకు ఊపిరితిత్తుల టీకా ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. తొడుగు ఉన్న క్రిములను రక్తంలోంచి జల్లెడ పట్టేది ప్లీహంలోని మాక్రోఫేజ్‌లేనట.

సగంచదువు:
ప్లీహం లేకపోతే పాత ఎర్ర కణాలను ఎవరు తింటారు? అవీ అక్కడే కదా పోయేది?

ఎర్రఇంకు:
కాలేయంలోని కుఫర్ కణాలు ఆ పని అందుకుంటాయి. ఎర్ర కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. సెకనుకు 20 లక్షలకు పైగా పోతుంటాయి. వాటిని మింగి ఇనుము వెనక్కి తీసి మజ్జకు పంపేది ఈ భక్షక కణాలే. క్రిములను తినడం వీటి పనిలో ఒక భాగమే, రోజువారీ పని మన సొంత శవాలను తీయడం. కంట్లో అయితే రెటీనా వెనకున్న కణాలు కాంతిని పట్టే కడ్డీల కొసలను రోజూ పదో వంతు కొరికి తింటాయి, అవి మళ్లీ పెరుగుతాయి. ఈ వాక్యం చదువుతుండగా కూడా అదే పని.

గోడమీదపిల్లి:
నా భుజం మీద పచ్చబొట్టు ఉంది. సిరా కూడా బయటి వస్తువే కదా. పదేళ్లయింది, ఎవరూ తినలేదేం?

ఎర్రఇంకు:
తిన్నాయి. మీకు కనిపించే బొట్టే అది. చర్మంలోని మాక్రోఫేజ్‌లు సిరా రేణువులను మింగాయి, అరిగించే ఎంజైమ్ లేదు, అలాగే కూర్చున్నాయి. అవి చచ్చినప్పుడు సిరా బయటపడుతుంది, పక్కది మళ్లీ మింగుతుంది. 2018లో ఎలుకల మీద ఇది చూపించారు. మీ భుజం మీది బొమ్మను పదేళ్లుగా ఒకరి తర్వాత ఒకరు నోట్లో పెట్టుకుని కాపలా కాస్తున్నారు.

గోడమీదపిల్లి:
అది నేను మర్చిపోవాలనుకుంటున్న పేరు. వాళ్లు మర్చిపోనివ్వడం లేదన్నమాట.

ఒంటరికాకి:
సిరా సరే, రాళ్లు కొట్టే పనిలో వచ్చే సిలికా దుమ్ము? మా పెదనాన్న దానివల్లే పోయారు.

ల్యాబ్‌కోటు:
అది చాలా చెడ్డ రకం. సిరా ఊరికే కూర్చుంటుంది. సిలికా స్ఫటికం లైసోజోమ్ గోడను చింపేస్తుంది, ఎంజైములు కారతాయి, కణం చస్తుంది, చస్తూ వాపు సంకేతాలు వదులుతుంది. స్ఫటికం చెక్కుచెదరదు. ఇంకో మాక్రోఫేజ్ వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగి ఊపిరితిత్తి మచ్చగట్టి గట్టిపడిపోతుంది. దుమ్ములోంచి బయటపడ్డాక కూడా జబ్బు ముదరడానికి కారణం ఇదే.

ఆస్బెస్టాస్ పోగు ఇంకో రకం. అది కణం కంటే పొడుగు. మాక్రోఫేజ్ ఒక కొస నుంచి మింగడం మొదలుపెడుతుంది, అవతలి కొస అందదు, సంచి మూసుకోదు. మూతి తెరిచి ఉండగానే విషాలన్నీ చుట్టుపక్కల కండ మీద కారిపోతాయి. "మింగలేక కక్కలేక" అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

అడ్డప్రశ్న:
ఒప్పుకుంటున్నా, చెత్త ఊడ్చే పని అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఊడ్చే పనే అయినా ఇంత ఉందా అందులో.

రెండోబెంచీ:
మా వాడికి 1950లలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ తీసిన ఆ పాత ఫిల్మ్ చూపించాను. ఒక న్యూట్రోఫిల్ ఎర్ర కణాలను పక్కకు నెట్టుకుంటూ ఒక స్టాఫ్ జంటను తరిమే వీడియో. నేను "పట్టుకో, పట్టుకో" అంటున్నాను. వాడు క్రిమి పక్షం. తప్పించుకున్నప్పుడల్లా చప్పట్లు. చివరికి మింగేశాక "అయిపోయిందా?" అన్నాను. "అప్పుడే ఏమైంది, ఇంకా సంచిలోనే ఉందిగా" అన్నాడు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న పెట్టాడు. చచ్చిన న్యూట్రోఫిల్‌ను మాక్రోఫేజ్ మింగుతుంది, సరే. మాక్రోఫేజ్ చస్తే?

ఎర్రఇంకు:
ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. చచ్చేటప్పుడు కణం పొర లోపలి వైపు ఉండే ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు బయటి వైపు తిరుగుతుంది. "నన్ను తినకు" బోర్డు పక్కకు పోయి "తినొచ్చు" బోర్డు వస్తుంది.

రెండోబెంచీ:
చెప్పాను. "దాన్ని?" అన్నాడు.

గోడమీదపిల్లి:
పడుకోమనండి.